మూడో ఈల

ఇంకా ముప్పై అయిదు నిమిషాలున్నాయి. నాన్న అప్పుడే కుర్చీ చేతుల్ని పట్టుకున్నాడు, ఊరికే ఆనించడం కాదు, బస్సు మలుపు తిరిగేటప్పుడు నిలబడ్డవాళ్ళు కడ్డీని పట్టుకుంటారే, అలా, వేళ్ళ కణుపులు తెల్లబడేలా. ఇక్కడ బస్సూ లేదు, మలుపూ లేదు. ఉన్నదల్లా ఈ గుడారం, దాని నాలుగు గోడలకీ నేను దగ్గరుండి కుట్టించిన దూది పరుపులు, కింద రెండు వరసల తివాచీ, ఆరు కుర్చీలు, ఒక నీళ్ళ కూజా, బయట మైదానం నిండా పాటల కార్యక్రమానికొచ్చిన జనం. లోపల చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. అలా ఉండాలనే మూడు నెలలు కష్టపడ్డాను. అయినా నాన్న మెడ మీద చెమట, కాలరు దగ్గర గీత గీసినట్టు తడి, నేను దాన్నే చూస్తున్నాను, చూడనట్టు చూస్తున్నాను, ఎందుకంటే చూస్తున్నానని తెలిస్తే నవ్వుతాడు, ఆ నవ్వు చూడటం ఇంకా కష్టం. ఆరుంబావుకి మా పిడుగు స్టేజీ ఎక్కుతుంది. పిడుగంటే మా చెల్లెలు, ఇల్లు పీకి పందిరి వేస్తుందని అమ్మ పెట్టిన పేరు, కాలేజీ బ్యాండులో డ్రమ్ములు వాయించేది అదే. తొమ్మిదేళ్ళుగా వాయిస్తోంది. డ్రమ్ముల మీద వాయించగా నాన్న ఒక్కసారి కూడా వినలేదు. మూడు నెలల కిందట ఒకరోజు భోజనం దగ్గర, చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ, రేపొచ్చే బస్సు సంగతి చెప్పినట్టు మామూలుగా, ఈసారి నేనూ వస్తానన్నాడు. అమ్మ చేతిలో గరిట గాల్లోనే ఆగిపోయింది. పిడుగు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. వేసే ముందు తలుపు చెక్క మీద మూడుసార్లు తట్టింది, ఎంత ఏడుపొచ్చినా మా ఇంట్లో అది తప్పదు.

నాలుగేళ్ళ కిందట ఇలాగే ఒకసారి బయల్దేరాడు, దాని స్కూలు కార్యక్రమానికి, కొత్త చొక్కా వేసుకుని. స్కూలు గేటు దాకా వచ్చి చెప్పు తెగిందని వెనక్కి తిరిగాడు. చెప్పు తెగలేదు. ఆ చెప్పులే ఇంకో రెండేళ్ళు వేసుకున్నాడు, అమ్మ వాటిని చూసినప్పుడల్లా ముఖం తిప్పుకునేది. ఇవాళ కూడా వినకుండా వెళ్ళిపోతే మళ్ళీ వస్తాననడు, నాకు తెలుసు, ఒకసారి ఓడిన చోటికి రెండోసారి వెళ్ళడమే ఆయనకి కొండెక్కినంత పని, మూడోసారి అడిగే ధైర్యం మాలో ఎవరికీ ఉండదు. అందుకే ఈ గుడారం. అందరి కోసం అని చెప్పాను, నేను పనిచేసే చెవుల క్లినిక్‌లో డాక్టరుగారికి అలాగే చెప్పాను, కార్యక్రమం పెట్టేవాళ్ళకి కాగితం మీద అలాగే రాసిచ్చాను, చప్పుళ్ళు పడనివాళ్ళు, చప్పుడంటే భయపడిపోయినవాళ్ళు కూడా పాటలు వినడానికి వస్తారండీ, మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి ఒక చోటు కావాలండీ అని. అబద్ధం కాదు. కానీ కాగితం మీద అందరూ అని రాస్తున్నప్పుడు నా కళ్ళ ముందున్నది ఒక్క మనిషే.

ఆ మూల కుర్చీలో టైలరమ్మ ఒళ్ళో బొత్తాల డబ్బా పెట్టుకుని పెద్దవి ఒక పక్కకి, చిన్నవి ఒక పక్కకి ఏరుతోంది. రెండేళ్ళ కిందట ఆమె కూర్చున్న ఆటోని లారీ గుద్దింది, అప్పట్నుంచీ హారను వినపడితే కాళ్ళు కదలవు. బొత్తాలు ఏరడం నేను నేర్పలేదు, ఆమే తెచ్చుకుంది, వాటి గలగల వింటుంటే ఇంట్లో ఉన్నట్టుంటుందట, కానీ ఇక్కడ గలగలలు కూడదు కదా అని డబ్బా అడుగున తనే గుడ్డ వేసుకుంది. ఆమెకి ఎదురుగా ఎర్ర చెవి కప్పులు పెట్టుకున్న ఒక చిన్నపిల్ల, తివాచీ మీద బోర్లా పడుకుని తన బొమ్మ చెవులకి కూడా రెండు దూది ఉండలు అంటిస్తోంది. వాళ్ళమ్మ బయట గుమ్మం దగ్గర నిలబడి పాట వింటూ మధ్యమధ్య లోపలికి తొంగి చూస్తోంది. ఈ గుడారానికి పెద్ద నర్సక్క, ఆమె పెట్టిన నియమాలు నాలుగు, చెప్పులు బయట, ఫోను నోరు నొక్కెయ్యాలి, గుసగుసగా మాట్లాడాలి, ఎవర్నీ వెనకనుంచి ముట్టుకోకూడదు. నా పని గుమ్మం దగ్గర. సౌండు మాస్టరు పెద్ద చప్పుడు రాబోయే ముందు నా ఫోనుకి ఒక చుక్క పంపిస్తాడు, నేను పసుపు గుడ్డ ఎత్తుతాను, రెండో చుక్క పంపిస్తే ఎర్రది. లోపలున్నవాళ్ళు చెవులు కప్పుకుంటారు. చప్పుడు చెప్పి వస్తే సగం చప్పుడే, చెప్పకుండా వస్తేనే పిడుగుపాటు. ఈ ముక్క నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, ఇల్లు చెప్పింది.

మా ఇంట్లో చెప్పకుండా ఏ చప్పుడూ చెయ్యకూడదు. మిక్సీ వేసే ముందు అమ్మ గోడ మీద మూడుసార్లు తడుతుంది. తలుపు వేసే ముందు మూడు, మంచం జరిపే ముందు మూడు, తుమ్ము వచ్చేలా ఉంటే ముక్కు పట్టుకుని మరీ మూడు, ఒకసారి చూడటానికొచ్చిన దూరపు చుట్టం ఇదేం పిచ్చి రోగమే అని నవ్వితే పిడుగు ఆయన వెనకాల నిలబడి మూడుసార్లు గోడ తట్టి నాలుగోది ఆయన వీపు మీద తట్టింది. గిన్నెల కింద గుడ్డలు, తలుపు బందులకి వారం వారం నూనె, నడిస్తే పిల్లి నడకలు. మాటలు కూడా గుసగుసల్లోకి దిగిపోయాయి, బడిలో నన్ను నోట్లో నాలుక లేని పిల్ల అనేవాళ్ళు, నాలుక ఉంది, వాడే అలవాటు పోయింది అంతే. అలాంటి ఇంట్లో తొమ్మిదేళ్ళ పిల్లకి డ్రమ్ముల మీద మనసు పడింది. దేవుడికి కూడా హాస్యం ఉంటుందని అమ్మ అనేది. అది ఏడవలేదు, మొండికెయ్యలేదు, బ్యాండు మాస్టరు ఇచ్చిన రెండు పుల్లలు తెచ్చుకుని తన మంచం మీద దిండు పెట్టుకుంది. ముందు మంచం పట్టె మీద పుల్లతో టక్ టక్ టక్, నాన్నా చెప్తున్నాను అని, ఆ తర్వాత దిండు మీద దబదబ దబదబ. ఏడు దిళ్ళు చిరిగాయి. అమ్మ తిడుతూ కుట్టింది, కుడుతూ తిట్టింది. నాన్న గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని దాని చేతుల్ని చూసేవాడు, చాలాసేపు చూసేవాడు, ఒకసారి ఎడమ చెయ్యి వెనకబడుతోందే అన్నాడు, అది దిద్దుకుంది. చెవులతో వినని మనిషి కళ్ళతో తప్పు పట్టాడని మర్నాడు బ్యాండు మాస్టరుకి గొప్పగా చెప్పుకుంది. ఆ మాస్టరు పాట మొదలుపెట్టే ముందు పుల్లలు నాలుగుసార్లు కొట్టమంటాడు, అందరూ అలాగే కొడతారట. ఇది మూడే కొడుతుంది. ఆయన తిట్టాడు, బతిమాలాడు, చివరికి మిగతా పిల్లలందరికీ మూడు లెక్కపెట్టుకోవడం నేర్పాడు.

మూడంటే మూడు ఈలలు. మా ఊరి పక్కన రాళ్ళ క్వారీ ఉండేది, నాన్న అక్కడ ఈల వేసే మనిషి. రోజూ మధ్యాహ్నం బండ పేల్చే ముందు మొదటి ఈల, సుత్తులు కింద పెట్టి బయల్దేరండి అని. రెండో ఈల, గోడ చాటుకి వెళ్ళిపోండి అని, అప్పుడు కంకర మిషను కూడా ఆపేసేవాళ్ళు. ఆ తర్వాత నాన్న నాలుగు వైపులా చూసేవాడు, ఎవరూ మిగల్లేదని చూసుకుని మూడోది వేసేవాడు. మూడోది పడితేనే మందు అంటించేది. మా బడికి ఆ ఈలలు వినపడేవి. మొదటిది వినపడగానే మాస్టారు పాఠం ఆపేవారు, మాట సగంలో ఉన్నా సరే, రెండోదానికి మేమంతా అరచేతులతో చెవులు మూసుకుని నోళ్ళు తెరిచేవాళ్ళం, నోరు తెరిస్తే చెవులకి దెబ్బ తగలదని నాన్నే బడికొచ్చి నేర్పాడు, యాభై మంది పిల్లలం చేప పిల్లల్లా నోళ్ళు తెరుచుకుని, మూడోది, ఆ తర్వాత ధన్, కిటికీ రెక్కలు ఊగేవి, మాస్టారు ఆగిన మాటలోంచే పాఠం మొదలుపెట్టేవారు. ఒకటో తరగతిలో ఉన్న పిడుగుని నా పక్కన కూర్చోబెట్టుకునేదాన్ని. నా చేతులతో దాని చెవులు మూసేదాన్ని. నా చెవులకి చేతులు చాలేవి కావు, అయినా నాకు భయం ఉండేది కాదు, ఆ ఈల మా నాన్నది, మా నాన్న చూసుకునే వేస్తాడు. పిల్లలు నన్ను ఈలమ్మాయి అనేవాళ్ళు. నాకు అది బిరుదులా ఉండేది.

ఒకరోజు రెండే వినపడ్డాయి. మేం నోళ్ళు తెరుచుకుని మూడోదాని కోసం చూస్తూనే ఉన్నాం, మూడోది రాకుండానే బండ పేలింది. మాస్టారి చేతిలో సుద్దముక్క విరిగింది, అది నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. మందు తీగ తప్పన్నారు, ఎండ వేడన్నారు, ఎవరికీ తేలలేదు. మామయ్య, అంటే నాన్న జతగాడు, బండకి బెజ్జాలు కొట్టే మనిషి, మరిచిపోయిన తువ్వాలు కోసం వెనక్కి వెళ్ళాడట, ఆయన బయటికి వస్తేనే ఊదుదామని నాన్న ఈల నోట్లో పెట్టుకుని నిలబడ్డాడట. ఈల నోట్లోనే ఉంది. ఎప్పుడు చెప్పినా నాన్న ఆ ఒక్క మాటే చెప్తాడు, ఈల నా నోట్లోనే ఉందమ్మా అని. మామయ్య బతికాడు. రెండు చెవులూ పోయాయి. ఆయన ఇప్పటికీ నెలకోసారి వస్తాడు, తనకి వినపడదు కాబట్టి ఊరంతటికీ వినపడేలా మాట్లాడతాడు, నాన్నకి వణుకు రాకుండా ఉండే పెద్ద గొంతు ఈ లోకంలో ఆయనదొక్కటే. క్లినిక్‌లో ఉద్యోగం వచ్చిన మొదటి నెలలోనే ఆయనకి చెవి మిషను తెప్పించాను. రెండోరోజే తిరిగి పట్టుకొచ్చాడు, మీ అత్త మాటలన్నీ వినపడుతున్నాయి తల్లీ, నేనేం పాపం చేశానని. అప్పుడే ఇంకో మాట కూడా అన్నాడు, నవ్వుతూనే అన్నాడు, నాదేముందిలే, నాకేం వినపడదు, హాయి, మీ నాన్నకి అన్నీ వినపడుతూనే ఉంటాయి. ఆ మాట నా చెవిలో ఇల్లు కట్టుకుంది. చెవులు పోయినవాళ్ళకి మిషన్లు ఉన్నాయి, రకరకాలున్నాయి, మా అలమారాలో వరసగా ఉన్నాయి. అన్నీ వినపడేవాళ్ళకి ఏముంది అని ఆలోచిస్తూ ఆలోచిస్తూ ఇక్కడికి వచ్చాను, ఈ దూది పరుపుల దాకా.

ఇరవై అయిదు నిమిషాలు. బయట పాట మారినట్టుంది, లోపలికి చప్పుడు రాదు, కాళ్ళ కిందనుంచి చిన్న అదురు మాత్రం వస్తుంది, నీళ్ళ కూజాలో వలయం లేచి గోడని తాకి పోతోంది. నాన్న ఆ వలయాన్నే చూస్తున్నాడు. ఊపిరి పైపైనే తీస్తున్నాడు, నాకు లెక్క తెలుసు, క్లినిక్‌లో అలాంటి ఊపిరి వింటూనే ఉంటాను. పరుపులు చాలలేదేమో. గుమ్మం తెర ఇంకాస్త బిగించాను, సందు లేకుండా. అన్నిటికన్నా బరువైన చెవి కప్పులు తెచ్చి, ముందు నుంచి, ఆయనకి కనపడేలా తెచ్చి, పెట్టుకుంటావా నాన్నా అని పెదవులతో అడిగాను. బుద్ధిగా తల వంచాడు. ఇంజెక్షనుకి చొక్కా చెయ్యి పైకి మడిచే పెద్దవాళ్ళలాగా వంచాడు, నేను పెట్టాను, బట్టతల చుట్టూ ఉన్న ఆ నాలుగు వెంట్రుకలు సర్దాను. ఇక ఏ చప్పుడూ వెళ్ళదు. నాకు ఒక్క నిమిషం గర్వంగా కూడా అనిపించింది. మరు నిమిషంలో ఆయన కుర్చీలోంచి లేచి, లేవడం కాదు, లేవబోయి, గోడ పరుపుకి వీపు ఆనించి చతికిలబడ్డాడు, నోరు తెరుచుకుంది. చేప పిల్లల్లా మేం తెరిచేవాళ్ళం చూశారా, అలా. బొత్తాలు ఏరే చెయ్యి ఆగింది. నర్సక్క చెప్పుల్లేని కాళ్ళతో పరుగున వచ్చింది, పక్కన కూర్చుంది కానీ ముట్టుకోలేదు. నేను ముట్టుకున్నాను. ఆయన కప్పులు తీసి ఒళ్ళో పెట్టుకుని, నా వైపు కాదు, గుడారం గోడల వైపు చూస్తూ అడిగాడు.

"అందరూ పని ఆపేశారేంటమ్మా?"

అందరూ పని ఆపేశారు. కంకర మిషను ఆగింది, సుత్తులు ఆగాయి, లారీలు ఆగాయి, పిట్టలు కూడా ఆగేవని నాన్న ఒకప్పుడు నాకు చెప్పాడు, నేను ఆయన భుజం మీద కూర్చుని ఉన్నప్పుడు, రెండో ఈల అయ్యాక క్వారీ ఎలా ఉంటుందో తెలుసా, గుళ్ళో కూడా ఉండదంత నిశ్శబ్దం, నీ గుండె నీకే వినపడుద్ది, అప్పుడే భయమేస్తుంది, అందుకే తొందరగా మూడోది ఊదేస్తానని. చెప్పాడు. నాకే చెప్పాడు. నేను భుజం మీద కూర్చుని ఆయన జుట్టు పట్టుకుని విన్నాను, అప్పుడు జుట్టు ఉండేది. చప్పుడు అంటే భయం కాదు. చప్పుడుకి ముందు ఉండేది. నేనేం చేశాను, మూడు నెలలు కష్టపడి ఆయన కోసం అదే కుట్టించాను, దూది పెట్టి, రెండు వరసల తివాచీ వేసి, గుమ్మం తెర బిగించి, రెండో ఈలకీ మూడో ఈలకీ మధ్యనున్న ఆ కాస్త చోటుని ఒక గుడారం చేసి అందులో కూర్చోబెట్టాను. ఇవాళే కాదు. ఇన్నేళ్ళుగా కూర్చోబెట్టాం. గిన్నెల కింద గుడ్డలు వేసి, తలుపులకి నూనె వేసి, గుసగుసలాడి, ఎంతో ప్రేమగా, ఎవరూ ఒక్క తప్పు చెయ్యకుండా.

ఇప్పుడు అన్నీ వరసలో వచ్చి నిలబడుతున్నాయి, బడిలో హాజరు పలికినట్టు. చలికాలంలో కూడా ఫ్యాను వేసుకుంటాడు, అమ్మ కీళ్ళు పట్టేస్తున్నాయని దుప్పటి మీద దుప్పటి కప్పుకునేది కానీ ఎందుకని అడగలేదు, నేనూ అడగలేదు. పెరట్లో పంపు సగమే కడతాడు, బొట్టు బొట్టూ బకెట్లో పడుతూ ఉండాలి, అమ్మ వెళ్ళి కట్టేస్తుంది, ఆయన వెళ్ళి మళ్ళీ విప్పుతాడు, పరధ్యానం మనిషని నవ్వుకున్నాం. రేడియోలో ఏ స్టేషనూ కాని చోట ముల్లు పెట్టి ఆ గరగర వింటూ గడ్డం గీసుకుంటాడు. ఇక పిడుగు దిండు. దాని పరీక్షలప్పుడు నెల రోజులు పుల్లలు ముట్టుకోలేదు, పాపం నాన్నకి ఈ నెలైనా ప్రశాంతంగా ఉంటుందని అనుకున్నాం, ఆ నెలంతా ఆయన నిద్రపోకుండా గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి గదిలోకి తిరుగుతూనే ఉన్నాడు. పిల్ల చదువు బెంగ అనుకున్నాం. పరీక్షలు అయిపోయిన రోజు అది దిండు ముందు కూర్చుని టక్ టక్ టక్ అని దబదబలాడించగానే నాన్న కుర్చీలోనే తల వాల్చి గురక పెట్టాడు, పిడుగు నన్ను పిలిచి చూపించింది, చూడవే అక్కా, నా వాయిద్యానికి జనం ఎలా పరవశించిపోతున్నారో అని. పడీపడీ నవ్వాం, చెయ్యి అడ్డం పెట్టుకుని, చప్పుడు బయటికి రాకుండా. పదడుగుల దూరంలో జవాబు గురక పెడుతుంటే నేను నవ్వాను. ఓపిగ్గా చూస్తానని, అన్నీ గమనిస్తానని నా గురించి అందరూ అంటారు. చూశాను. చూడటం ఒకటే చేశాను, ఒకదాని పక్కన ఒకటి పెట్టలేదు.

ఇరవై నిమిషాలు. నర్సక్కతో గుసగుసగా చెప్పాను, నాన్నని బయటికి తీసుకెళ్తానక్కా అని. ఆమె నా వైపు చూసిన చూపు నాకు తెలుసు, అదే చూపు నేను వేరేవాళ్ళ వైపు చూసి ఉండేదాన్ని, మనిషి గోడకి ఆనుకుని చతికిలబడి ఉంటే బయట అంత చప్పుళ్ళోకా అని. ఏం చెప్పాలి, క్వారీ, ఈలలు, బొట్టుబొట్టుగా పడే పంపు, ఇవన్నీ ఏ మాటలో పడతాయి. ఈయనకి సద్దు లేకపోవడమే పడదక్కా, పనిచేస్తున్న చప్పుడు కావాలి అన్నాను. ఆమె, నర్సు కదా, ఎందుకని అడగకుండా ఎక్కడికని అడిగింది. స్టేజీ వెనక జనరేటరు దగ్గరికి అన్నాను. ఆమె నా చేతిలోంచి పసుపు గుడ్డ, ఎర్ర గుడ్డ తీసుకుంది. మేం తెర ఎత్తి బయటికి వెళ్తుంటే టైలరమ్మ వంగి డబ్బా అడుగునున్న గుడ్డ తీసేసింది, బొత్తాలు ఒకసారి గలగలమన్నాయి, నర్సక్క విననట్టు ఊరుకుంది, నాన్న మాత్రం ఆగి వెనక్కి చూసి ఆమెకి తల ఊపాడు.

బయట వెలుతురు ఇంకా ఉంది, పసుపుపచ్చగా. జనం పక్కనుంచి తాడు కట్టిన దారిలో నడిచాం, ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు, చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు నేను పట్టుకున్న చోటే. స్పీకర్లలో ఎవరో ఏదో పాడుతున్నారు, ఒక్కో మోత పొట్టలో తగులుతోంది, ఆయన ప్రతిదానికీ ఉలిక్కిపడుతున్నాడు, ఉలిక్కిపడి నడుస్తున్నాడు, ఆగడం లేదు. చెప్పు తెగిందంటావా నాన్నా అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు, ఇన్నేళ్ళలో నేను ఆయనతో వేసిన మొదటి పరాచికం అదే అనుకుంటా. ఆయన వంగి చెప్పుల వంక చూసుకుని, ఇవి కొత్తవే, తెగవు అన్నాడు.

జనరేటరు స్టేజీ వెనక మూల ఒక బండి మీద ఉంది, గదంత ఇనప పెట్టె, ఒకటే పోత, ఎక్కడా ఎత్తూ లేదు పల్లమూ లేదు. దాన్ని చూసుకునే పెద్దాయన తలకి గుడ్డ చుట్టుకుని మడత కుర్చీలో కూర్చుని ఒక పొడుగు రెంచీతో వీపు గోక్కుంటున్నాడు. ఇక్కడ కూర్చోవచ్చా బాబాయ్ అంటే, ఈ మోతలో కూర్చుంటారా, దీని దగ్గర మా ఆవిడే కూర్చోదు అన్నాడు. నాన్న వెళ్ళి ఆ ఇనప పెట్టె మీద అరచెయ్యి పెట్టాడు. గేదె వీపు మీద పెట్టినట్టు పెట్టాడు. అలా నిలబడ్డాడు, కాసేపు, ఇంకాసేపు, ఆయన భుజాలు కిందికి దిగుతుంటే నేను చూశాను, ఇన్నేళ్ళూ అవి అంత పైన ఉన్నాయని దిగేదాకా నాకు తెలియదు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు, గంటకి ఎంత డీజిలు తాగుతుంది, వేడెక్కితే ఏం చేస్తావు, మా కంకర మిషనుకి ఇలాంటిదే ఉండేది, దానికి సోమవారం సోమవారం దగ్గొచ్చేది, ఇలా. నాన్న గొంతు పెంచి మాట్లాడుతున్నాడు. ఆ మోతలో గొంతు పెంచక తప్పదు. నాన్న అసలు గొంతు ఇలా ఉంటుందని నేను మరిచిపోయాను. కొంచెం బొంగురు. పక్కన నిలబడి వింటున్నాను, పాట వింటున్నట్టే.

ఆరుంబావు. స్టేజీ పక్క సందులోంచి డ్రమ్ములు కనిపిస్తున్నాయి, వాటి వెనక చిన్న స్టూలు, ఇంకా ఖాళీగా. ముందు వరసలో అమ్మ ఉంటుంది, కనపడదు కానీ ఉంటుంది, ఒళ్ళో బ్యాగు గట్టిగా పట్టుకుని, కనపడని గుడారం వైపు తల తిప్పితిప్పి చూస్తూ. బ్యాండు పేరు చదివారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. పిడుగు వచ్చి కూర్చుంది, కూర్చోగానే మెడ సాచి గుడారం వైపు చూసింది, చాలా దూరం, ఏం కనపడుతుంది. నేను చెయ్యి ఎత్తి ఊపాను. ఇటు చూసింది. నన్ను చూసింది, నా పక్కన ఇనప పెట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డ మనిషిని చూసింది, దాని నోరు కాస్త తెరుచుకుని అలాగే ఉండిపోయింది. అప్పుడు జనంలోంచి ఎవరో ఈల వేశారు. ఆ సంగతి నాకు తట్టనే లేదు, జనం అన్నాక ఈలలు వేస్తారని. నాన్న చెయ్యి పెట్టె మీద నుంచి జారింది. ఇంకో మూల నుంచి ఇంకో ఈల. పొడుగ్గా, అచ్చం ఆయన వేసేదానిలాగా. రెండు. ఇక మొదలవుతుందని మైదానం అంతా సద్దుమణిగింది, వేలమంది ఒక్కసారిగా మాటలు ఆపేశారు, దీపాలు తగ్గాయి, నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు, ఎముక నొక్కుకుపోయేలా. నా దగ్గర పసుపు గుడ్డ లేదు, ఎర్ర గుడ్డ లేదు, ఉన్నదల్లా వెనక ఆ ఇంజను పోత, ఇంజను ఆగలేదు నాన్నా, ఎవరూ పని ఆపలేదు, మా పిడుగు పనికి కూర్చుంది చూడు, చూడు, నేను అంటున్నానో అనుకుంటున్నానో నాకు తెలియడం లేదు.

పిడుగు పుల్లలు రెండూ తల పైకి ఎత్తింది. జనం వైపు చూడటం లేదు. మంచం పట్టె మీద తట్టేటప్పుడు గుమ్మం వైపు ఎలా చూసేదో అలాగే ఇటే చూస్తూ, టక్. నాన్న నా మణికట్టు వదల్లేదు. టక్. ఆ పుల్లలు మళ్ళీ విడిపోయి గాల్లో నిలబడ్డాయి, రోజూ నిలబడేంతసేపే నిలబడ్డాయి, నాకు మాత్రం బడి కనపడింది, సుద్దముక్క కనపడింది, యాభై తెరిచిన నోళ్ళు, నాన్న ఊపిరి ఆగింది, నాది కూడా.

టక్.

మూడోది వచ్చింది. నాన్న నోట్లోంచి గాలి బయటికి రావడం నా చెంపకి తగిలింది, పొడుగ్గా, ఎప్పటినుంచో లోపల పెట్టుకున్నది ఊదేసినట్టు, వెంటనే నా మణికట్టు వదిలేశాడు, వదిలేసి రెండు చేతులూ పైకెత్తాడు, చెవులు మూసుకుంటున్నాడని అనుకున్నాను. ఆయన అరచేతులు వచ్చి నా చెవుల మీద పడ్డాయి. డీజిలు వాసన, రాళ్ళు మోసిన చేతుల గరుకు. డ్రమ్ములు మొదలయ్యాయి, ఆ చేతుల మీదుగా నాకు దూరంగా, మెత్తగా, దిండు మీద వాయించినట్టే వినపడుతున్నాయి. ఆయన చెవులు తెరిచే ఉన్నాయి. తల కాస్త పక్కకి వంచి, కళ్ళు దాని చేతుల మీదే పెట్టి, తొమ్మిదేళ్ళు చూసిన చేతులకి ఇప్పుడు చప్పుడు తగిలించుకుంటున్నాడు, ఒక్కొక్క దెబ్బకి ఇంకా ఉలిక్కిపడుతూనే ఉన్నాడు, చేతులు మాత్రం నా చెవుల మీద నుంచి తియ్యడం లేదు. పక్కన జనరేటరు బాబాయ్ రెంచీతో తాళం వేస్తున్నాడు, తప్పుగా. నాన్న పెదవులు కదిలాయి. నా వైపు వంగి ఏదో అన్నాడు, నవ్వుతూ అన్నాడు, ఎడమ చెయ్యి గురించో ఏమో. నాకు వినపడలేదు. ఇంటికెళ్ళాక అడగాలి, గట్టిగా.